నోట్లో వంతెన: కట్టుడు పళ్ళ కథ

(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ వారం పళ్ళ గురించి మాట్లాడుకుందాం. మనం తినే పళ్ళు కావండీ, మనకి తినిపెట్టే పళ్ళు.

మా పక్క రూములో రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉంటాడు. డ్రైవరు పని. మూడేళ్ళ కిందట పై వరసలో కోరపన్ను వెనకాల ఉండే పన్ను సలుపు పెట్టింది. డాక్టరు రెండు దారులు చెప్పాడట. రూట్ కెనాల్ చేసి పన్ను నిలబెట్టాలంటే మూడు నాలుగు సార్లు రావాలి. పీకించుకుంటే ఒక్క సాయంత్రంతో సరి. డ్యూటీ మానుకుని మూడు నాలుగు సార్లు పోవడం మనవాళ్ళలో ఎంతమందికి కుదురుతుంది? పీకించేసుకున్నాడు. లీవులో ఇంటికి పోయినప్పుడు కట్టించుకుందాంలే అనుకున్నాడు. మొదటి లీవు ఇంటి స్లాబుకి పోయింది. రెండో లీవు కొడుకు చదువుకి పోయింది. ఇప్పుడు కూతురి పెళ్ళి వచ్చింది. నవ్వితే సందు కనపడుతుందని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

ఆ శుక్రవారం మేమంతా సంగటి, కోడికూర ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ఒక పక్కనే నెమ్మదిగా నములుతూ, "బ్రిడ్జి కట్టాలంట అన్నా! బ్రిడ్జి అంటే పెన్నా మీద కట్టేది గానీ, నోట్లో కట్టేదేంది?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాక ఈ బ్రిడ్జి అనేది ఎక్కడ పుట్టిందో, ఎట్లా ఎదిగిందో తెలుసుకోవాలనిపించింది. దొరికిన పుస్తకాలు తిరగేశాను. ఇది చాలా పాత కథ. రెండున్నర వేల ఏళ్ళ పైమాటే.

ముందు బ్రిడ్జి అంటే ఏమిటో చెప్పుకుందాం. ఒక పన్ను పోయింది. దానికి అటొకటి, ఇటొకటి పళ్ళున్నాయి. ఆ రెండింటినీ చుట్టూ కొంచెం కొంచెం అరగదీసి, వాటికి రెండు తొడుగులు, అంటే మనం క్యాపులు అంటామే అవి, చేస్తారు. ఆ రెండు క్యాపులకీ మధ్యలో ఒక కృత్రిమ పన్ను అతికి ఉంటుంది. మూడూ కలిసి ఒకటే ముక్క. దాన్ని సిమెంటుతో అంటిస్తారు. మనంతట మనం తీయలేం, పెట్టలేం. రాత్రిపూట తీసి గ్లాసులో వేసుకునే పళ్ళ సెట్టుకీ దీనికీ అదే తేడా. మధ్యలో పంటికి వేరు లేదు. దాని బరువంతా మోసేది పక్కనున్న రెండు పళ్ళే. అవే స్తంభాలు. ఈ స్తంభాల మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మన భాషలో కృత్రిమ పళ్ళకి ఉన్న మాట చూడండి. కట్టుడు పళ్ళు. పెట్టుడు పళ్ళు అని కూడా అంటాం. ఈ "కట్టుడు" అనే మాట ఎంత సరిగ్గా సరిపోయిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. మొట్టమొదట మనుషులు చేసింది నిజంగా కట్టడమే, తీగతో.

ఇటలీ నడిమి భాగంలో ఎట్రుస్కన్లు అని ఒక జాతి ఉండేది. రోమ్ పెద్దది కాకముందు అక్కడ పెద్దవాళ్ళు వాళ్ళే. సుమారు 2,600 ఏళ్ళ కిందటే వాళ్ళు పలచని బంగారు పట్టీని పళ్ళ చుట్టూ తొడిగి, పోయిన పన్ను చోట ఇంకో పన్నుని బంగారు మేకుతో బిగించేవాళ్ళు. సమాధుల్లో దొరికిన ఈ పట్టీలని పరిశీలించినవాళ్ళు ఒక సంగతి గమనించారు. అవి ఎక్కువగా సంపన్న స్త్రీలవి. బంగారం మెత్తని లోహం కదా, గట్టిగా నమిలితే ఆ పట్టీ నిలవదు. నమలడానికంటే నలుగురిలో కనపడడానికే అవి పెట్టుకున్నారని అనుకోవాలి. పెళ్ళి ఫోటో కోసం ఆరాటపడే మా డ్రైవరన్నకి ఎంత దూరపు చుట్టాలున్నారో చూడండి!

ఇక మనం ఉంటున్న అరబ్బు లోకానికి వద్దాం. ఇప్పటి లెబనాన్‌లో సైదా అనే ఊరుంది. పాత పేరు సిడాన్. ఫినీషియన్ల రేవు పట్టణం. 1860లలో అక్కడి పాత సమాధుల్లో ఫ్రెంచివాళ్ళకి ఒక దవడ ముక్క దొరికింది. ముందరి పళ్ళని సన్నని బంగారు తీగతో అల్లినట్టు కట్టి ఉంది. అందులో రెండు పళ్ళు వేరే మనిషివిగా కనిపించాయి. అంటే పోయిన పళ్ళ చోట ఇంకొకరి పళ్ళు పెట్టి, పక్క పళ్ళకి కట్టారన్నమాట. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

రోమన్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. క్రీస్తు పూర్వం 450 ప్రాంతంలో వాళ్ళు రాసుకున్న పన్నెండు ఫలకాల చట్టంలో చావుకి సంబంధించిన నిబంధన ఒకటుంది. శవంతో పాటు బంగారం పూడ్చకూడదు. అయితే పళ్ళని కట్టిన బంగారం ఉంటే దానితోనే పూడ్చినా, కాల్చినా తప్పు లేదు. చట్టంలో మినహాయింపు రాసుకున్నారంటే, పళ్ళకి బంగారు కట్టు అప్పటికే వింత కాదన్నమాట.

ఆ తర్వాత వెయ్యిన్నర ఏళ్ళకి వచ్చే మనిషి పేరు మీరు తప్పకుండా తెలుసుకోవాలి. అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ. స్పెయిన్‌లో అరబ్బుల పాలన ఉన్న రోజుల్లో, కార్డోబా నగరం పక్కన ఉండేవాడు. 1013లో పోయాడంటారు. ఆయన రాసిన "కితాబ్ అల్ తస్రీఫ్" 30 భాగాల వైద్య గ్రంథం. చివరి భాగం శస్త్రచికిత్స మీద, పనిముట్ల బొమ్మలతో సహా. తర్వాత లాటిన్‌లోకి వెళ్ళి, యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు పాఠ్యపుస్తకంగా నడిచింది.

కదిలే పళ్ళని తీగతో పక్క పళ్ళకి ఎలా కట్టాలో అందులో వివరంగా ఉంది. తీగ బంగారంది కావాలి, వెండి అయితే రంగు మారిపోతుంది అంటాడు. పన్ను ఊడిపోతే ఎద్దు ఎముకతో పన్ను చెక్కి ఆ చోట కట్టవచ్చు అంటాడు. నన్ను ఆపేసిన మాట మాత్రం ఇంకొకటి. పన్ను పీకడానికి తొందరపడకండి, ముందు చేయగలిగిన వైద్యాలన్నీ చేసి చూడండి, పోయినదానికి సాటి వచ్చేది లేదు అని వైద్యులకి గట్టిగా చెప్పాడు. ఏ పన్ను నొప్పో తెలియకుండా మంచి పన్ను పీకేసే మంగలివాళ్ళ మీద కోప్పడ్డాడు కూడా. ఎద్దు ఎముకతో పన్ను చేయడం తెలిసినవాడే, అసలు పన్నుని కాపాడుకోమన్నాడు చూడండి. మా డ్రైవరన్న వెళ్ళే డాక్టరు ఈజిప్టు ఆయన. ఆయనకి తోడుగా వెళ్ళినప్పుడు నేనీ పేరు ఎత్తితే, చేతిలో పనిముట్టు పక్కన పెట్టి మరీ సంతోషపడ్డాడు.

సరే, తీగ దొరికింది, బంగారం దొరికింది. మరి పన్ను ఎక్కడిది? ఎద్దు ఎముక, ఏనుగు దంతం కొన్నాళ్ళకి కుళ్ళి వాసన వేస్తాయి. అందుకని డబ్బున్నవాళ్ళు మనుషుల పళ్ళే కొనేవాళ్ళు. అమ్మేది ఎవరు? పేదవాళ్ళు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఎస్టేటు లెక్కల పుస్తకంలో, 1784లో నల్లజాతి వాళ్ళకి 9 పళ్ళ కోసం డబ్బిచ్చినట్టు పద్దు ఉంది. ఆయన దగ్గర బానిసలుగా ఉన్నవాళ్ళే అయి ఉంటారని చరిత్రకారులు అంటారు. ఆ పళ్ళు ఆయన నోటికే వాడారా అన్నది తేలలేదు. 1815లో వాటర్లూ యుద్ధం జరిగాక, చచ్చిపోయిన సిపాయిల పళ్ళు పీకి సంచులకెత్తి అమ్ముకున్నారు. ఇంగ్లండులో వాటిని వాటర్లూ పళ్ళు అనేవాళ్ళు. ఒకరి నవ్వు కోసం ఇంకొకరి నోరు బోసిపోవడం అనేది మాట వరసకి అన్నది కాదు, లెక్కల పుస్తకాల్లో ఉన్నది.

ఈ ఘోరాన్ని ఆపింది ఉపన్యాసాలు కాదు, పింగాణీ. పారిస్ దగ్గర అలెక్సిస్ డ్యూషాటో అని ఒక మందుల తయారీదారు ఉండేవాడు. మందులు రుచి చూసీ చూసీ ఆయన దంతపు పళ్ళ సెట్టు రంగు మారి కంపు కొట్టేది. తన కొట్లో పింగాణీ గిన్నెలకి మాత్రం ఏ మరకా అంటడం లేదు. దీంతోనే పళ్ళు చేస్తే పోలా అనుకుని 1774లో ఆ ప్రయత్నం మొదలుపెట్టాడు. 1808లో పారిస్‌లోనే ఫోంజీ అనే ఇటలీ వైద్యుడు ఒక్కొక్క పన్నూ విడిగా, వెనకాల ప్లాటినం కొక్కెంతో తయారు చేసి చూపించాడు. ఇక మనిషి పన్ను కొనక్కర్లేదు.

ఇప్పుడు మనం "బ్రిడ్జి" అంటున్న పద్ధతి గట్టిగా నిలబడింది అమెరికాలో, 1880లలో. పంటికి బంగారు క్యాపు తొడిగి, దానికి ఆసరాగా మధ్య పన్నుని వేలాడదీసి, సిమెంటుతో అంటించేయడం. తీగ పోయింది, తొడుగు వచ్చింది. దానితోపాటు గొడవ కూడా వచ్చింది. ఒక కంపెనీ ఈ పద్ధతుల పేటెంట్లన్నీ చేజిక్కించుకుని, బ్రిడ్జి వేసే ప్రతి డాక్టరూ మాకు రుసుము కట్టాల్సిందే అని కోర్టులకెక్కింది. 1888లో షికాగోలో క్రౌస్ అనే దంతవైద్యుడు డాక్టర్లందరినీ కూడగట్టి ఒక రక్షణ సంఘం పెట్టి ఏళ్ళ తరబడి పోరాడాడు. మన వేపచెట్టు మీదా, పసుపు మీదా 1990లలో పేటెంటు గొడవలు జరిగినప్పుడు మనం ఎంత ఆశ్చర్యపోయాం! నోట్లో పన్ను మీద అంతకు వందేళ్ళ ముందే జరిగాయి.

1907లో టాగర్ట్ అనే ఆయన క్యాపుని మైనంతో చేసి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో బంగారం పోసే పద్ధతి దంతవైద్యులకి చూపించాడు. పంటికి అతికినట్టు సరిపోయే క్యాపు అప్పుడు సులువైంది. మనవాళ్ళు పంచలోహ విగ్రహాలు పోసేది కూడా మైనపు అచ్చుతోనే కదండీ. గుళ్ళో దేవుడికీ, నోట్లో పంటికీ ఒకటే విద్య.

ఇంత బాగా నడుస్తున్న కథకి 1910లో పెద్ద దెబ్బ తగిలింది. విలియం హంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు కెనడాలోని మాంట్రియల్‌లో ఉపన్యాసమిస్తూ, ఈ బంగారు బ్రిడ్జిల కింద చీము, కుళ్ళు దాక్కుని ఉన్నాయి, ఇవి బంగారు సమాధుల్లాంటివి అని దుమ్మెత్తిపోశాడు. ఆయన చూసిన రోగులు నిజంగానే అలా ఉన్నారు. పుచ్చిపోయిన పళ్ళ మీద, వాచిన చిగుళ్ళ మీద తళతళలాడే బంగారం తొడిగి పంపేసేవాళ్ళు చాలామంది. పైన చూస్తే మెరుపు, కింద చూస్తే కుళ్ళు.

హంటర్ చెప్పిన దాంట్లో నిజం ఉంది. కానీ జనం దాన్ని పట్టుకుని ఇంకో చివరికి పరిగెత్తారు. ఒంట్లో ఏ రోగం వచ్చినా పళ్ళదే తప్పు అని, తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళ పాటు లక్షలమంది మంచి పళ్ళు కూడా పీకించేసుకున్నారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు, ఆ కాలానికి ఆ రాయి దొరికింది.

అయితే ఆ దెబ్బ వల్ల ఒక మేలు జరిగింది. డాక్టర్లు మధ్య పన్ను అందం చూడడం తగ్గించి, స్తంభాల సంగతి చూడడం మొదలుపెట్టారు. 1926లో ఆంటే అనే ఆయన ఒక లెక్క చెప్పాడు. స్తంభాలుగా వాడే పళ్ళ వేర్ల వైశాల్యం, పోయిన పళ్ళ వేర్ల వైశాల్యానికి సమానంగానైనా ఉండాలి, ఎక్కువగానైనా ఉండాలి. పోయినవి మూడైతే, చెరొక బక్క పన్ను మీద భారం వేసి ఊరుకోకూడదన్నమాట. ఈ లెక్కని తర్వాత వాళ్ళు కొంత సడలించినా, దంతవైద్య కళాశాలల్లో ఇప్పటికీ చెబుతారు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలెవరైనా వింటుంటే వాళ్ళకి ఇది కొత్తగా ఉండదు.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. 1957లో గాలితో నిమిషానికి లక్షల చుట్లు తిరిగే డ్రిల్లు వచ్చింది. పన్ను అరగదీయడం గంటల నుంచి నిమిషాలకి దిగింది. 1962లో లోహం మీద పింగాణీ కాల్చి అతికించే పద్ధతికి పేటెంట్లు వచ్చాయి. లోపల బలం, పైన పంటి రంగు. మనలో చాలామంది నోళ్ళలో ఉన్నది అదే. 1980ల మొదట్లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పక్క పళ్ళని దాదాపు అరగదీయకుండా వెనక నుంచి రెక్కల్లాంటివి అంటించే బ్రిడ్జి చేశారు. ఈ మధ్య వచ్చినది జిర్కోనియా, కంప్యూటరుతో చెక్కేది. ఇక పక్క పళ్ళతో పనే లేకుండా ఎముకలో టైటానియం మర దింపే ఇంప్లాంటుని స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగికి పెట్టాడు.

మన దేశానికి వస్తే, 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దంతవైద్య కళాశాల మొదలుపెట్టారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. కువైట్‌కి ఇంతమందిని పంపిన కడపలో కూడా ఉంది. మన నాన్నల తరానికి పన్ను నొప్పి అంటే లవంగం నూనె, లేకపోతే సంతలో పన్ను పీకేవాడు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. అయినా సంతలో పద్ధతి పూర్తిగా పోలేదండీ. అక్కడికక్కడే ప్లాస్టిక్ పిండి కలిపి, పక్క పళ్ళకి తీగతో బిగించి, "ఫిక్సుడు పన్ను" అని పంపించేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పిండి చిగురుని ఒరుసుకుని, కింద తిండి ఇరుక్కుని, మంచి పళ్ళు కూడా కదలడం మొదలవుతుంది. ఎట్రుస్కన్ల బంగారు పట్టీకైనా తీసి కడుక్కునే వీలుందేమో గానీ దీనికి లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా పుస్తకాల గొడవే అవుతుంది. 2009లో నేను లీవులో ఇంటికి వెళ్ళాను. చేతిలో ఇరవై ఎనిమిది రోజులు. ఇక్కడి దినార్లలో ఇచ్చే బదులు అక్కడి రూపాయల్లో అయితే చవక అని లెక్క వేసుకున్నాను. టౌనులో ఒక క్లినిక్కుకి వెళ్ళి, నాలుగు రోజుల్లో బ్రిడ్జి కావాలి, తర్వాత తిరుపతి వెళ్ళాలి అన్నాను. ఎక్స్‌రే తీయలేదు, నేను అడగలేదు. వెనక స్తంభం పన్ను చిగురు నుంచి అప్పుడప్పుడు రక్తం వచ్చేది. ఆ మాట నేను చెప్పలేదు, వాళ్ళు చూడలేదు. నాలుగో రోజుకి తళతళలాడే పళ్ళతో బయటికొచ్చాను. ఆరేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. ఏడో ఏట ఒక వాసన మొదలైంది. ఇక్కడ డాక్టరు బ్రిడ్జి కోసి తీస్తే వెనక స్తంభం క్యాపు లోపల మెత్తగా పుచ్చిపోయి ఉంది. ముందు స్తంభం పగిలింది. ఒక పన్ను కోసం వెళ్ళి మూడు పోగొట్టుకున్నాను. హంటర్ మాట చదివినప్పుడు నా నోరే గుర్తొచ్చింది.

బ్రిడ్జి చెడ్డదని కాదు నేను చెప్పేది. పాత అధ్యయనాలన్నీ కలిపి 2004లో లెక్క తీసిన పరిశోధకులు, పదేళ్ళ తర్వాత కూడా వందలో దాదాపు 89 బ్రిడ్జిలు నోట్లో నిలిచే ఉన్నాయని తేల్చారు. మంచి లెక్కే. అయితే తర్వాత వచ్చే ఇబ్బందుల్లో ముఖ్యమైనవి ఏమిటంటే, స్తంభం పళ్ళలో జీవం పోవడం, అవి పుచ్చిపోవడం. మధ్య పంటికి పుచ్చు రాదు కదా, అది పింగాణీ. పోయేది ఎప్పుడూ మోసేవాడే.

ఖాళీని ఏళ్ళ తరబడి వదిలేసినా నష్టమే. పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయి. ఎదురు వరస పన్ను కిందికో పైకో జరుగుతుంది. అప్పుడు స్తంభాలే వంకరవుతాయి. కాబట్టి మన లీవు తేదీల కోసం పళ్ళు ఆగవు, మన విమానం టికెట్టు కోసం చిగుళ్ళు బాగుపడవు.

అందుకని బ్రిడ్జి వేయించుకునే ముందు డాక్టరుని నాలుగు మాటలు అడగండి. స్తంభం పళ్ళకి ఎక్స్‌రే తీశారా? చిగుళ్ళు గట్టిగా ఉన్నాయా? పక్క పళ్ళు మచ్చ లేకుండా ఉంటే వాటిని అరగదీయకుండా ఇంకో దారి ఉందా? వేశాక దాని కింద ఎలా శుభ్రం చేసుకోవాలి? షుగరు ఉంటే ఆ సంగతి మీరే ముందు చెప్పండి. పన్ను ఇంకా పోనివాళ్ళు జహ్రావీ మాట గుర్తుపెట్టుకోండి. నిలబెట్టుకునే వీలుంటే పీకించుకోకండి.

మా డ్రైవరన్న కథ ఏమైందంటారా? డాక్టరు ఎక్స్‌రే తీసి, వెనక పంటికి ముందు వైద్యం చేయాలి, చిగుళ్ళు శుభ్రం చేసి రెండు నెలలు ఆగాలి అన్నాడు. పెళ్ళి మూడు వారాల్లో ఉంది. "ఊళ్ళో అయితే రెండు రోజుల్లో ఏస్తారంట" అన్నాడు ఈయన నావైపు చూసి. నేను నా కథంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

పెళ్ళికి సందుతోనే వెళ్ళాడు. తిరిగొచ్చాక ఫోటోలు చూపించాడు. అన్నిట్లో పెదవులు బిగించి నిలబడ్డాడు. ఒక్క దాంట్లో మాత్రం, అప్పగింతలప్పుడు, కూతురు ఏదో అంటే నోరారా నవ్వాడు. సందు స్పష్టంగా కనపడుతోంది. ఆ ఫోటోనే కూతురు ఫ్రేము కట్టించుకుందట.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం చిగుళ్ళ వైద్యానికి పోతున్నాడు. వచ్చే నెల బ్రిడ్జి. ఇన్నేళ్ళూ అన్నీ పంటి బిగువున భరించినవాడు. ఆ పళ్ళ కోసం ఒక రెండు నెలలు ఆగలేడా?

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.